అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార: సెల్‌ఫోన్ల కోసం విద్యార్థులు రూపొందించే ఆరోగ్య వీడియోలు

విరేచనాలతో నీరసించిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లం అందుబాటులో లేనప్పుడు ఇంట్లోనే కలిపి తాగించదగిన ద్రావణానికి కొలత చాలా చిన్న వాక్యం. ఒక లీటరు పరిశుభ్రమైన నీరు, అంచుకు సమంగా సరిచేసిన ఆరు టీ చెంచాల పంచదార, అదే విధంగా సరిచేసిన అర టీ చెంచా ఉప్పు. ఈ వాక్యాన్ని అక్షరం రాని తల్లికి రెండు నిమిషాల బొమ్మల ద్వారా చెప్పవలసి వచ్చినప్పుడు ఎన్ని చిక్కులు ఎదురవుతాయో, ఆ బొమ్మలు గీయడానికి కూర్చున్న విద్యార్థికి మాత్రమే తెలుస్తుంది. ఇంట్లోని చెంచాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. లీటరు కొలిచే పాత్ర ప్రతి వంటింట్లోనూ ఉండదు. ఉప్పూ, పంచదారా రెండూ తెల్లగానే ఉంటాయి. అరచేతి వెడల్పు లేని తెరపై వాటి మధ్య తేడా కనిపించదు. రెండు కొలతలూ తారుమారైతే మేలు జరగకపోవడంతో పోదు, కీడు జరుగుతుంది. ఉప్పు మితిమీరిన ద్రావణం బిడ్డ రక్తంలో సోడియంను ప్రమాదకర స్థాయికి పెంచి మూర్ఛలకు దారితీయవచ్చు. పంచదార మితిమీరితే విరేచనాలు మరింత ఉధృతమవుతాయి.

సెల్‌ఫోన్ ద్వారా ప్రజారోగ్య సమాచారం అందించే ప్రయత్నాలు గత రెండు దశాబ్దాలలో అనేక విశ్వవిద్యాలయాలలో మొదలయ్యాయి. వాటిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాఠకులకు మిక్కిలి సన్నిహితంగా తోచేది అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అర్బానా–షాంపేన్ ప్రాంగణంలో పుట్టిన ప్రయత్నం. ఆ విశ్వవిద్యాలయం పేరు భారతీయ వ్యవసాయ విద్యకు కొత్తది కాదు. 1960లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆరంభమైనప్పుడు తోడ్పడినది అదే; నాలుగేళ్ల తరువాత, 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అదే తరహాలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే చోట నిర్వహించాలన్న ఆలోచన ఆ సంప్రదాయం నుండే మనకు వచ్చింది. ఇక్కడ చెప్పబోయే వీడియోలు కూడా ఆ మూడవ బాధ్యత నుండే పుట్టాయి.

కీటక శాస్త్రవేత్త ఆలోచన

‘సైంటిఫిక్ యానిమేషన్స్ వితౌట్ బార్డర్స్’, పొట్టిగా ‘సాబో’, అనే ఈ కార్యక్రమానికి మూలపురుషులలో ఒకరైన బారీ పిటెన్‌డ్రై వైద్యుడు కాదు, కీటక శాస్త్రవేత్త. జూలియా బెల్లో–బ్రావోతో కలిసి ఆయన దీనిని దాదాపు 2011 ప్రాంతంలో ఆరంభించారు. తరువాతి కాలంలో ఇది మిషిగన్ స్టేట్, పర్‌డ్యూ విశ్వవిద్యాలయాలకు తరలింది. పశ్చిమ ఆఫ్రికాలో అలసంద పంటపై సాగుతున్న పరిశోధనలు దీనికి నేపథ్యం. నిల్వ ఉంచిన అలసందలను పుచ్చు పురుగు నాశనం చేస్తుంది. ఆ పురుగును రసాయనాలు లేకుండానే అరికట్టే పద్ధతులు ప్రయోగశాలలో సిద్ధంగా ఉన్నాయి. గింజలను పారదర్శకమైన పాలిథీన్ పట్టా కింద ఎండలో ఉంచి 57 డిగ్రీల సెల్సియస్ వేడిని ఒక గంటసేపు నిలిపితే పురుగు అన్ని దశలలోనూ చనిపోతుంది. రెండు పాలిథీన్ పొరలపై అల్లిక సంచి తొడిగిన మూడు పొరల సంచిలో గింజలను బిగించి కడితే, లోపలి ప్రాణవాయువును పురుగులే వాడుకొని, ఆపై ఎదగలేక నశిస్తాయి. ఇంత తేలికైన విషయం లక్షలాది రైతులకు, వారు మాట్లాడే పదుల కొద్దీ భాషలలో చేరవేయడం ఎలా అన్నదే ప్రశ్న. విస్తరణ సిబ్బంది తక్కువ, కరపత్రం చదవగలిగినవారు ఇంకా తక్కువ. సెల్‌ఫోను మాత్రం మారుమూల గ్రామాలకు సైతం అప్పటికే చేరింది.

పురుగును చూసిన కన్ను దోమను కూడా చూసింది. అలసంద నిల్వ, వేపగింజల కషాయం వంటి వ్యవసాయ విషయాల పక్కనే కలరా నివారణ, మలేరియా, డెంగీ, క్షయ వంటి ఆరోగ్య విషయాలు ఆ వీడియోల భాండాగారంలో చేరాయి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విజృంభించినప్పుడు దానిపైనా వీడియో తయారైంది. గ్రామంలో నివసించే కుటుంబానికి పొలం వేరు, ఆరోగ్యం వేరు కావు. ఈ విభజన శాఖలకు ఉంటుంది గాని ఇంటికి ఉండదు. ఆ కారణం వల్లనే కావచ్చు, ఈ పని వైద్య కళాశాలలో కాక వ్యవసాయ నేపథ్యం గల విశ్వవిద్యాలయంలో వేరూనింది.

వేప విషయంలో తెలుగు పాఠకునికి చిరునవ్వు తెప్పించే సంగతి ఒకటి ఉంది. పశ్చిమ ఆఫ్రికా రైతుకు వేపగింజలు దంచడం, నానబెట్టడం, వడగట్టడం నేర్పుతున్న ఆ వీడియోలోని చెట్టు ఆ ఖండానిది కాదు, భారత ఉపఖండం నుండి వెళ్లినది. ఐదు కిలోల వేపగింజల పొడిని నూరు లీటర్ల నీటికి చొప్పున వాడే ఐదు శాతం కషాయం మన విస్తరణ కరపత్రాలలో దశాబ్దాలుగా ఉన్నదే.

బొమ్మలే ఎందుకు?

ఈ కార్యక్రమంలో అధ్యాపకులతో పాటు విద్యార్థులు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు పనిచేస్తారు. పని జరిగే క్రమం పైకి సాదాగా కనిపిస్తుంది. విషయ నిపుణులు శాస్త్రీయ సమాచారం అందిస్తారు. దానిని కొద్ది నిమిషాల వ్యాఖ్యానంగా కుదించాలి. వ్యాఖ్యానాన్ని బొమ్మల వరుసగా విభజించాలి. బొమ్మలకు కదలిక ఇవ్వాలి. నిపుణులు మళ్లీ చూడాలి. ఆ తరువాత గాత్రం చేర్చాలి. అసలు శ్రమ రెండవ మెట్టు దగ్గర ఉంది. ఇరవై పుటల నివేదిక నుండి రెండు నిమిషాలకు సరిపడే నాలుగు వాక్యాలు ఏరడమంటే మిగిలినదంతా వదిలివేయడానికి ధైర్యం చేయడం. విద్యార్థికి పరీక్షలు నేర్పేది ఇందుకు సరిగ్గా విరుద్ధం. తెలిసినదంతా రాయాలని పరీక్ష అడుగుతుంది, చేయవలసినది మాత్రమే చెప్పమని వీడియో అడుగుతుంది. కలరా క్రిమి పేరు, కనుగొన్న సంవత్సరం, పేగు గోడపై దాని చర్య తల్లికి అక్కర లేదు. నీటిని మరిగించాలా, ఎంతసేపు మరిగించాలి, చేతులు ఎప్పుడు కడగాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నవే కావాలి.

నిజమైన మనుషులను చిత్రీకరించక బొమ్మలను ఎంచుకోవడానికి ముఖ్య కారణం భాష. మనిషి మాట్లాడుతున్న దృశ్యంపై మరో భాష అతికిస్తే పెదవులకూ మాటకూ పొత్తు కుదరదు. బొమ్మల వెనుక వ్యాఖ్యానం నడిచే వీడియోలో గాత్రాన్ని తీసివేసి మరో గాత్రాన్ని పెట్టడం తేలిక. ఒకసారి గీసిన బొమ్మ వందకు పైగా భాషలలో మాట్లాడగలిగింది. విదేశీ విద్యార్థులు చదివే ప్రాంగణంలో ఈ వెసులుబాటు విలువ ఇంకా పెరుగుతుంది. హౌసా మాతృభాషగా గలవారు, యొరుబా మాతృభాషగా గలవారు ఒకే విశ్వవిద్యాలయంలో దొరుకుతారు. నిశ్శబ్దమైన గది, ఒక మైకు, అరగంట సమయం ఉంటే చాలు. ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లిన విద్యార్థి తన ఊరి మాటలో కలరా గురించి చెప్పగలుగుతాడు.

తొలిదశలో వీడియోలను 3జీపీ అనే చిన్న రూపంలో సిద్ధపరిచేవారు. నాటి సాధారణ కెమెరా ఫోన్లు ఆ రూపాన్ని చూపగలవు. ఇంటర్నెట్ లేకున్నా బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుండి మరో ఫోనుకు పంపవచ్చు. ఒకనాడు తెలుగు పట్టణాలలో బస్టాండు పక్క దుకాణాలు మెమరీ కార్డులలో పాటలు నింపి ఇచ్చిన పద్ధతి గుర్తున్నవారికి ఇది ఎలా పనిచేస్తుందో వివరించనక్కర లేదు. 2016 తరువాత మన దేశంలో చౌకగా లభించిన డేటా ఆ దుకాణాలను వెనక్కి నెట్టింది. అయినా సిగ్నల్ అందని గూడేలకు, తండాలకు మెమరీ కార్డు, బ్లూటూత్ నేటికీ పనికివచ్చే సాధనాలే.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ వైద్య విభాగానికి చెందిన మాయా ఆడమ్ వేరొక మార్గాన్ని ఎంచుకున్నారు. మాటలే లేని యానిమేషన్ వీడియోను రూపొందించి, భాషతో నిమిత్తం లేకుండా ప్రపంచమంతటా చూడగలిగేలా విడుదల చేశారు. చేతులు కడగడం, దూరం పాటించడం వంటి వాటికి ఈ మార్గం చక్కగా సరిపోతుంది. కాని అంకెలున్న చోట మౌనం చాలదు. ఆరు చెంచాలనూ అర చెంచానూ మాట లేకుండా తారుమారు కాకుండా చెప్పడం కష్టం. విషయాన్ని బట్టి పద్ధతి మారాలే గాని, ఒక పద్ధతి అన్నిటికీ చెల్లదు.

సెల్‌ఫోను లేని రోజుల పాఠం

ఈ రంగంలో ప్రవేశించే విద్యార్థి ముందుగా చదవవలసిన చరిత్ర సెల్‌ఫోనుది కాదు, ఉప్పు నీటిది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరాల ద్వారా ఎక్కించే సెలైను చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పెద్ద పాత్రలలో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించే ఏర్పాటు చేశారు. అంతకుముందు ముప్పై శాతం వరకు ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. 2023లో భారత ప్రభుత్వం మరణానంతరం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

అద్భుతమైన ఆ పరిష్కారం తనంతట తాను ఇళ్లలోకి నడిచి రాలేదు. దానిని ఇంటింటికీ తీసుకువెళ్లినది బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ. 1980 నుండి 1990 వరకు పదేళ్లపాటు మహిళా కార్యకర్తలు సుమారు కోటి ఇరవై లక్షల గృహాలకు వెళ్లి తల్లులకు ద్రావణం కలపడం నేర్పారు. చెంచా లేని ఇళ్లు కనుక కొలతను చేతికే అప్పగించారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర సేరు నీరు. కార్యకర్తల జీతం ఎన్ని ఇళ్లు తిరిగారన్న దానిపై ఆధారపడలేదు. కొంతకాలం తరువాత వేరొకరు వచ్చి కొందరు తల్లులను ఎంచుకొని, ఏమి గుర్తుందో అడిగి, ద్రావణం కలిపి చూపమనేవారు. తల్లి ఎంత బాగా చేయగలిగితే కార్యకర్తకు అంత ప్రతిఫలం. ఆరంభంలో తల్లులు నేర్చుకున్నారు గాని బిడ్డకు జబ్బు చేసినప్పుడు వాడినవారు తక్కువ. ఆరా తీయగా, నేర్పే కార్యకర్తలకే దానిపై పూర్తి నమ్మకం లేదని, ఇంటి మగవారికి ఆ సంగతి చెప్పనే లేదని తేలింది. తదనుగుణంగా శిక్షణ మార్చారు.

వీడియో చూసినవారి సంఖ్యను ఫలితంగా భావించే నేటి అలవాటును ఈ అనుభవం పక్కన పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో అర్థమవుతుంది. లక్షమంది చూశారనడం కార్యకర్త లక్ష ఇళ్ల గుమ్మాలు దాటిందని చెప్పడం వంటిది. గుమ్మం దాటిన తరువాత ఏమి జరిగిందో ఆ అంకె చెప్పదు.

బొమ్మ నేర్పగలదా?

ఈ ప్రశ్నకు వ్యవసాయ రంగంలోనే కొంత సమాధానం దొరికింది. బుర్కినా ఫాసోలో చదువు తక్కువగా ఉన్న రైతులతో జరిపిన క్షేత్ర ప్రయోగం ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. కోతానంతర పద్ధతులను కొందరికి సెల్‌ఫోనులో యానిమేషన్ ద్వారా, కొందరికి సంప్రదాయిక ప్రత్యక్ష ప్రదర్శన ద్వారా నేర్పారు. విషయాన్ని గ్రహించడంలో రెండు బృందాలూ సమానంగా నిలిచాయి. ఆచరణకు వచ్చేసరికి ఫలితం పద్ధతిని బట్టి మారింది. రైతులకు ముందే కొంత పరిచయమున్న విషయంలో వీడియో ప్రదర్శనకు సాటి వచ్చింది. కొత్తదైన చోట కళ్లెదుట చేసి చూపినవారిదే పైచేయి అయింది. మొజాంబిక్‌లో చిక్కుడు గింజలను గాలి చొరబడని డబ్బాలలో నిల్వ చేసే పద్ధతిపై వీడియో చూసిన రైతులను రెండేళ్ల తరువాత కలిసినప్పుడు అధికశాతం మంది దానిని గుర్తుంచుకొని పాటిస్తున్నట్లు కనుగొన్నారు. రెండు అధ్యయనాలనూ కలిపి చదివితే వీడియోను ఆకాశానికి ఎత్తనూ అక్కర లేదు, తీసిపారేయనూ అక్కర లేదు.

మన దేశంలో మరొక అనుభవం ఉంది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రిసర్చ్ సంస్థలో 2006లో రికిన్ గాంధీ ఆరంభించిన డిజిటల్ గ్రీన్ కార్యక్రమం బొమ్మలను కాక ఆ ప్రాంతపు రైతులనే తెరపై చూపింది. వీడియో వేయగానే ప్రేక్షకులు ముందుగా గమనించేది తెరపై ఉన్న వ్యక్తి ఎవరు, ఏ ఊరివాడు అన్నదే. తమవంటివాడు చేసి చూపితే నమ్మకం కుదురుతుంది. మధ్యలో వీడియో ఆపి ప్రశ్నలు అడిగే గ్రామస్థుడు లేకపోతే ప్రయోజనం సన్నగిల్లుతుందని కూడా ఆ అనుభవం తెలిపింది. ఒడిశాలోని కియోంఝర్ జిల్లాలో ఇదే తరహా వీడియోలతో మహిళా సంఘాలలో పోషకాహారంపై జరిపిన పెద్ద అధ్యయనంలో పిల్లల ఆహార వైవిధ్యం మెరుగుపడింది. అయితే పిల్లల బక్కచిక్కుదనంలో గాని, తల్లుల శరీర బరువు సూచికలో గాని మార్పు కనిపించలేదు. పళ్లెంలోకి కొత్త కూర రావడానికి మాట చాలవచ్చు. ఒంట్లోకి కండ రావడానికి కావలసినవి ఇంకా చాలా ఉన్నాయి.

బొమ్మకు ఊరు లేదు. అందుకే అది ఎన్ని ఊళ్లకైనా పోగలదు, అందుకే ఏ ఊరిలోనూ పూర్తిగా సొంతం కాలేదు. ఈ లోటును తీర్చవలసినది గాత్రం. తెలుగు విద్యార్థులు శ్రద్ధ వహించవలసిన చోటు కూడా అదే.

మందు అంటే ఏది?

తెలుగులో ‘మందు’ అనే ఒక్క మాట జ్వరానికి వేసుకునే మాత్రకూ చెల్లుతుంది, పత్తి చేనులో కొట్టే విషానికీ చెల్లుతుంది, సారాకూ చెల్లుతుంది. కొన్ని చోట్ల ఎరువును కూడా మందు అనే అంటారు. సంభాషణలో సందర్భం అర్థాన్ని కాపాడుతుంది. నలభై సెకన్ల వీడియోలో సందర్భం ఏర్పడేలోపే వాక్యం ముగిసిపోతుంది. పైగా విషాన్ని మందని పిలిచే అలవాటు దాని పట్ల భయాన్ని తగ్గిస్తుంది. ఆరోగ్య వీడియోలో ‘పురుగుమందు’ అని ప్రతిసారీ పూర్తిగా పలకడం, వీలైన చోట ‘విషం’ అనే చెప్పడం చిన్న జాగ్రత్తే గాని అవసరమైనది.

పంచదార అన్న మాటే కోస్తా దాటితే చాలాచోట్ల చక్కెర అవుతుంది. విరేచనాలు కొందరికి భేదులు. టీ చెంచా అన్నది ఒకచోట స్పూను. పత్రికల తెలుగులో చదివిన వ్యాఖ్యానం మూడు ప్రాంతాలవారికీ అర్థమవుతుంది, ముగ్గురిలో ఎవరి ఇంట్లోనూ మాట్లాడినట్లు ఉండదు. ఒకే బొమ్మకు మూడు గాత్రాలు ఇవ్వడానికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు శూన్యం కనుక, ఒకే ‘ప్రామాణిక’ గాత్రంతో సరిపెట్టుకోవడానికి సాకు లేదు.

తెలుగు కాని భాషల అవసరం మరింత పెద్దది. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే గిరిజన ప్రాంతాలలో వానకాలం రాగానే మలేరియా, విరేచనాలు బాధిస్తాయి. అక్కడి అమ్మమ్మలకు, చంటిబిడ్డల తల్లులకు ఆరోగ్య సందేశం పుస్తకాల తెలుగులో చేరుతున్నది. ఆ కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులు నేడు వ్యవసాయ కళాశాలలలో, పాలిటెక్నిక్‌లలో చదువుతున్నారు. ఇల్లినాయ్ ప్రాంగణంలో హౌసా విద్యార్థి చేయగలిగిన పని ఇక్కడ కోయ విద్యార్థిని తన సెల్‌ఫోనుతోనే చేయగలదు. ఇంతకాలం అడిగినవారు లేకపోవడమే లోపం.

విద్యార్థి చేతికి పని

తెలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో పట్టభద్ర విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద గ్రామాలలో ఉండి, రైతులతో కలిసి పనిచేస్తారు. సామాజిక విజ్ఞాన కళాశాలల విద్యార్థినులు పోషకాహారం, శిశు సంరక్షణ చదువుతారు. వీడియో తయారీకి కావలసిన మూడు వనరులు, అంటే విషయ పరిజ్ఞానం, గ్రామం, ఫోను, వీరికి ఇప్పటికే ఉన్నాయి. లేనిది సమీక్షించే ఏర్పాటు.

పనికి తగిన విషయం వెతకనక్కర లేదు. 2017లో ఆదిలాబాదుకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో పురుగుమందులు పిచికారీ చేసిన రైతులు, కూలీలు సుమారు ఇరవై మంది మరణించారు. పురుగుమందు డబ్బాపై విషతీవ్రతను తెలిపే గుర్తు తప్పనిసరి అన్న నిబంధన దేశంలో ఏనాటి నుండో ఉంది. ఎరుపు మిక్కిలి తీవ్రమైనది, దాని తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. డబ్బా మీద ఉన్న ఈ నాలుగు రంగుల అర్థం పిచికారీ చేసే కూలీకి చెప్పినవారు ఎవరు? కరపత్రం చీమ తలకాయంత అక్షరాలలో డబ్బాతో పాటు వస్తుంది, డబ్బా మూత తీయగానే గట్టున పడుతుంది. గాలికి ఎదురుగా కొట్టకూడదని, ఒంటిపై పడితే బట్టలు విప్పి సబ్బు నీటితో కడగాలని, మింగినవారికి బలవంతంగా వాంతి చేయించకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని చెప్పడానికి రెండు నిమిషాల వీడియో చాలును.

చాలును గాని, ఒక హెచ్చరికతో. సెల్‌ఫోను నుండి సెల్‌ఫోనుకు పాకిన వీడియోను వెనక్కి పిలవడం సాధ్యం కాదు. కరపత్రంలో తప్పు దొర్లితే మిగిలిన ప్రతులను గోదాములో ఆపవచ్చు. వాట్సాప్‌కు గోదాము లేదు. శాస్త్రం కూడా నిలకడగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ శతాబ్దం ఆరంభంలో ఓ.ఆర్.ఎస్. పొట్లంలోని ఉప్పు, గ్లూకోజు పాళ్లను తగ్గించింది. 2004లో విరేచనాల చికిత్సకు జింకును చేర్చింది. 2020లో మాస్కుల విషయంలో తొలి నెలల్లో చెప్పినదానిని జూన్‌లో మార్చింది. అందువల్ల తయారైన నెల, సంవత్సరం ప్రతి వీడియోలోనూ తెరపై కనిపించాలి, గాత్రంలోనూ వినిపించాలి. వైద్యుడు, విషయ నిపుణుడు ఇద్దరూ చూసి ఆమోదించకుండా ఏ విద్యార్థి వీడియో కూడా కళాశాల గుమ్మం దాటరాదు. సాబో వంటి కార్యక్రమాలలో నిపుణుల సమీక్ష గాత్రం చేర్చక ముందే జరగడం వెనుక ఉన్న విజ్ఞత ఇదే. గాత్రం మారిన ప్రతిసారీ అనువాదాన్ని కూడా మరొకరు విని చూడాలి. కొలతలు తారుమారయ్యేది సాధారణంగా అక్కడే.

ఫోను ఎవరి చేతిలో ఉందన్నది మరో ప్రశ్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను గల మహిళలు దేశంలో సుమారు 54 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కొంచెం తక్కువ. బిడ్డకు ద్రావణం కలపవలసినది తల్లి, వీడియో చేరేది తండ్రి ఫోనుకు. మగవారికి చెప్పకపోవడం బ్రాక్‌కు ఎదురైన చిక్కు. ఇక్కడ మగవారికి మాత్రమే చేరడం చిక్కు. మహిళా సంఘం సమావేశంలో ఆశా కార్యకర్త తన ఫోనులో చూపి, ఆపి, అడిగి, మళ్లీ చూపే ఏర్పాటు లేకుండా వీడియోను గ్రూపులలోకి వదిలివేయడం పని పూర్తయినట్లు కాదు.

వీడియో సిద్ధమయ్యాక దానిని పరీక్షించడానికి ఖర్చుతో కూడిన సర్వే అవసరం లేదు. విద్యార్థిని ఒక ఇంటికి వెళ్లి, వీడియోను రెండుసార్లు చూపి, ఫోనును సంచిలో పెట్టుకోవాలి. ఆపై ఆ ఇంటి పాత్రలతో, ఆ ఇంటి చెంచాతో ద్రావణం కలపమని ఇల్లాలిని కోరాలి. మధ్యలో సరిదిద్దరాదు. ఆమె ఏ డబ్బా ముందు తీసినదీ, చెంచాను ఎంత నింపినదీ, నీటిని దేనితో కొలిచినదీ రాసుకోవాలి. ఆమె ఎక్కడ ఆగి ఆలోచించిందో, వీడియోలో సరిచేయవలసిన బొమ్మ అదే. చివరకు ఇద్దరూ ఒక చుక్క నాలుకపై వేసుకొని చూడాలి. కన్నీటి కంటే ఉప్పగా ఉంటే ఆ ద్రావణాన్ని పారబోసి మళ్లీ కలపాలి.